గోడమీది సూర్యకుటుంబము: ఒక విమర్శ

మన ఉన్నత పాఠశాలలలో విజ్ఞానశాస్త్రపు గదిలో అడుగిడినంతనే కంటబడు పటము ఒకటి ఉన్నది. నల్లని ఆకాశము, ఒక మూల మండుచున్న సూర్యుడు, అతని చుట్టును కోడిగ్రుడ్డు ఆకారపు గీతలు, ఆ గీతలపై పూసలవలె వరుసగా గ్రహములు, మిగిలిన చోటనెల్ల ముగ్గుపిండి చల్లినట్లు నక్షత్రములు. పుస్తకములను విమర్శించువారు కలరు గాని పటములను విమర్శించువారు అరుదు. పుస్తకము మూసిన పిదప పాఠము మరువవచ్చును. గోడమీది పటము మాత్రము అయిదేండ్లపాటు విద్యార్థి కంటికి ప్రతిదినమును పాఠము చెప్పుచునే యుండును. కావున అది ఏమి చెప్పుచున్నదో ఒకసారి పరీక్షించుట మంచిది.

ఈ ఆలోచన నాకు కలుగుటకు ఒక బాలిక కారణము. గూడూరు ప్రాంతమున ఒక పాఠశాలలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనకు పరీక్షకునిగా పోయితిని. తొమ్మిదవ తరగతి చదువుచున్న ఆ బాలిక ఆ పటమునే థర్మోకోలు బంతులతో నమూనాగా నిర్మించి, తడుముకొనకుండ వివరించినది. చివరకు నన్నే ప్రశ్నించినది: “సార్, చంద్రయాన్ పైకి పోవడం మా మిద్దెమీద నుంచి చూశాం. ఇందులో చంద్రుడు భూమికి బెత్తెడు దూరంలో కూడా లేడు. మరి అక్కడికి పోవడానికి నలభై రోజులు ఎందుకు పట్టింది?”

చంద్రయాన్-3 శ్రీహరికోటనుండి 2023 జూలై 14న బయలుదేరి ఆగస్టు 23న చంద్రునిపై దిగినది. అన్ని దినములు పట్టుటకు ముఖ్యకారణము దూరము కాదు. ఇంధనమును పొదుపు చేయుటకై అది భూమిచుట్టు తిరుగుచు, తన కక్ష్యను మెల్లమెల్లగా పెంచుకొనుచు పోయినది. 1969లో అపోలో-11 పెద్ద రాకెట్టు బలముతో మూడు దినములకే చంద్రుని కక్ష్య చేరినది. కాని ఈ సమాధానము అర్థము కావలెనన్న మొదట చంద్రుడెంత దూరమున ఉన్నాడో మనస్సునకు తట్టవలెను. భూమికిని చంద్రునికిని నడుమ ముప్పది భూగోళములను వరుసగా పేర్చవచ్చును. బాలిక నమూనాలో ఒక్కటి కూడ పట్టదు. తప్పు బాలికది కాదు. ఆమె పటమును నమ్మినది.

పటమునందలి గుణమును మొదట ఒప్పుకొనవలెను. గ్రహముల వరుసను అది చక్కగా నేర్పును. బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ అను క్రమము ఒకసారి చూచినవారు మరువరు. శని వలయములును, గురునిపై ఎఱ్ఱమచ్చయు పిల్లల కుతూహలమును రేకెత్తించును. దూరదర్శిని లేని పాఠశాలకు ఇది చిన్న మేలు కాదు.

ఇక దోషములు. మొదటిది దూరము. ఒక సెంటీమీటరును లక్ష కిలోమీటర్లుగా భావింతము. అప్పుడు సూర్యుడు 14 సెంటీమీటర్ల కొబ్బరికాయ. భూమి 15 మీటర్ల దూరములో ఒక ఆవగింజ. ఆ ఆవగింజకు 4 సెంటీమీటర్ల దూరమున నలుసంత చంద్రుడు. గురుడు 78 మీటర్లలో ఒక చిన్న రేగిపండు; శని 143 మీటర్లలో అంతకు కొంచెము చిన్నది. నెప్ట్యూన్ 450 మీటర్ల దూరమున ఒక కందిగింజ. అనగా కొబ్బరికాయను తరగతిగదిలో ఉంచినచో భూమి వరండాలో ఉండును. నెప్ట్యూన్ బడి ప్రహరీ దాటి, వీధిలో ఎక్కడనో ఉండును. నడుమనున్నదంతయు శూన్యము. పటములో కనబడనిది ఈ శూన్యమే. సూర్యకుటుంబమున అన్నిటికంటె ఎక్కువగా ఉన్నదియు ఇదియే.

“మీటరు వెడల్పు కాగితముమీద ఇదంతయు ఎట్లు గీయుదురు?” అని ఉపాధ్యాయులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. సూర్యునినుండి నెప్ట్యూన్ వరకు ఒక మీటరులో ఇమిడ్చినచో సూర్యుడే మిల్లీమీటరులో మూడవవంతు చుక్క యగును. భూమి కంటికి ఆనదు. కావున కొలత తప్పి గీయుట నేరము కాదు. తప్పి గీసితిమని చెప్పకపోవుటయే నేరము. దేశపటము క్రింద కొలమానము వ్రాయనిచో భూగోళోపాధ్యాయుడు మార్కులు తగ్గించును. ఆకాశపటమునకు మాత్రము ఆ నియమము ఏల ఉండరాదు?

మన తీరమునందే దీనికి మరియొక ఉదాహరణ కలదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి ఆదిత్య-ఎల్1 బయలుదేరినపుడు, అది సూర్యుని వద్దకే పోవుచున్నదని పలువురు భావించిరి. 2024 జనవరి 6న అది చేరిన స్థానము భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరము. సూర్యునివరకు గల దారిలో నూరవవంతు మాత్రమే. మన లెక్కలో ఆవగింజనుండి కొబ్బరికాయ వైపు ఒక జానెడు. సూర్యుని ఎడతెగక, చాటు లేకుండ చూచుటకే అక్కడ నిలిచినది గాని, దగ్గరగా చూచుటకు కాదు. పటమును నమ్మినవానికి ఈ భేదము తెలియదు.

రెండవ దోషము మరింత హానికరము. కక్ష్యలను అతిగా సాగదీసి గీయుటచే, భూమి సూర్యునికి చేరువైనపుడు వేసవియు, దూరమైనపుడు శీతకాలమును వచ్చునని విద్యార్థులు తామే తీర్మానించుకొందురు. కళాశాలకు వచ్చిన పిదపను ఈ అభిప్రాయమును వదలనివారిని చూచుచున్నాను. నిజమునకు భూమి కక్ష్యను 20 సెంటీమీటర్ల వ్యాసముతో గీసినచో పొడవు వెడల్పుల భేదము వెండ్రుక మందము కంటెను తక్కువ. దానిని వలయమనియే చెప్పవచ్చును. భూమి సూర్యునికి మిక్కిలి చేరువగ నుండునది జనవరి మొదటి వారమున, సంక్రాంతికి కొద్ది దినముల ముందు: 14.71 కోట్ల కిలోమీటర్లు. మిక్కిలి దూరమగునది జూలై మొదట: 15.21 కోట్లు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మనవారందురు. ఆ కార్తె మే చివరనుండి జూన్ మొదటివరకు. అనగా భూమి దూరముగా జరుగుచున్న దినములలో! వేసవికి కారణము దూరము కాదు, భూమి అక్షము ఇరువదిమూడున్నర డిగ్రీలు వంగియుండుట. ఏప్రిల్ చివర గూడూరులో మధ్యాహ్నవేళ సూర్యుడు నడినెత్తికి వచ్చును. మన నీడ పాదముల క్రిందనే పడును. విద్యార్థిని ఎండలో నిలిపి ఆ నీడను చూపినచో పటము చేసిన తప్పు ఒక్క నిమిషములో దిద్దుకొనును.

మూడవది సంఖ్య, పేర్లు. 2006 ఆగస్టు 24న అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సంఘము ప్లూటోను మరుగుజ్జు గ్రహముల జాబితాలో చేర్చినది. అయినను తొమ్మిది గ్రహముల పటములు ఇంకను గోడలపై నున్నవి. మన దేశమున ఈ తొమ్మిదికి వేరొక బలము కూడ కలదు. 1930లో ప్లూటో కనబడినపుడు గ్రహములు తొమ్మిదియైనవి. ఆలయములలోని నవగ్రహములును తొమ్మిదియే. రెండును ఒకటే యని బాలురు పొరబడుటలో వింత లేదు. కాని నవగ్రహములలో సూర్యచంద్రులును రాహుకేతువులును ఉన్నారు, భూమి లేదు. రెండు పట్టికలకును సమానమైనవి అయిదు మాత్రమే. పేర్లలో చిక్కు ఇంకొకటి: తెలుగులో యురేనస్‌ను వరుణుడనుట కలదు, హిందీలో వరుణుడనగా నెప్ట్యూన్. రెండు భాషలును చదువు విద్యార్థి దేనిని వ్రాయవలెను? 1781లోను 1846లోను కనుగొనబడిన గ్రహములకు పాత పేర్లు అతికించుటకంటె యురేనస్, నెప్ట్యూన్ అని వ్రాయుటయే మేలని నా అభిప్రాయము.

నాల్గవ దోషము నక్షత్రములది. పటములో అవి అలంకారము మాత్రమే. అన్నియు గ్రహముల సందులలోనే మెరయుచుండును. మన కొబ్బరికాయ లెక్కలో సూర్యుని తరువాత అతిసమీప నక్షత్రమగు ప్రాక్సిమా సెంటారి, రెండు సెంటీమీటర్ల గోలీయై, 4,000 కిలోమీటర్ల దూరమున ఉండును. మన దేశపు పొడవు కూడ అంత లేదు. కాంతికే 4.24 సంవత్సరములు పట్టును. (కాంతి సంవత్సరము కాలము కాదు, దూరము అని ఇక్కడనే చెప్పవలెను.)

ప్రాక్సిమా కంటికి కనబడదు గాని, దాని తోడి నక్షత్రమగు ఆల్ఫా సెంటారి మనకు కనబడును. జూన్ మొదటి దినములలో రాత్రి పదిగంటల ప్రాంతమున గూడూరు మిద్దెమీద నిలిచి దక్షిణమునకు చూడుడు. దిగంతమునకు పదిహేను డిగ్రీల ఎత్తున రెండు కాంతివంతమైన నక్షత్రములు ప్రక్కప్రక్కనే యుండును. చేయి చాచిన మూడు వ్రేళ్ళ వెడల్పు వాని ఎడము. ఎడమవైపున ప్రకాశవంతమైనది ఆల్ఫా సెంటారి, దూరము 4.37 కాంతి సంవత్సరములు. కుడివైపుది బీటా సెంటారి. సుమారు 390 కాంతి సంవత్సరములు. ప్రక్కప్రక్కన కనబడుట వేరు, ప్రక్కప్రక్కన ఉండుట వేరు అనుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు. ఢిల్లీవారికి ఆల్ఫా సెంటారి దిగంతమునంటి దాదాపు కనుమరుగగును. లండనులో అసలు ఉదయింపదు. మన బాలురకు కలిగిన ఈ భాగ్యమును పటము ఎన్నడును చెప్పదు.

సూర్యుడును నక్షత్రమే యనునది కూడ పటములో లేదు. ఆ మాట చెప్పుటకు మన గుంటూరే చాలును. 1868 ఆగస్టు 18న అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణమును జాన్సెన్, టెన్నాంట్ మున్నగువారు వర్ణపటదర్శినులతో పరిశీలించిరి. ఆ గ్రహణమున కనబడిన పసుపుపచ్చని రేఖ హీలియము అను మూలకమునకు దారి చూపినది. 1895లో గాని అది భూమిమీద దొరకలేదు.

పటమును చింపివేయుడని నేననను. దాని క్రింద “దూరములు, పరిమాణములు కొలత ప్రకారము గీయబడలేదు” అని ఒక పంక్తి వ్రాయుడు. ప్లూటోను కొట్టివేయక, ప్రక్కన 2006 అని వ్రాసి, కథ చెప్పుడు. ఏడాదికొకసారి కొబ్బరికాయతో బడి ఆవరణమున నడువుడు. ఖర్చు కొబ్బరికాయ వెల మాత్రమే; అదియును మరునాడు పచ్చడికి పనికివచ్చును. ఆ బాలికకు నేను ప్రథమ బహుమతిని సిఫారసు చేసితిని. అది నమూనాకు కాదు. ఆ నమూనాను శంకించిన ప్రశ్నకు.