పసుపుకొమ్ము విరిగిన చప్పుడు

విజయవాడ ఆకాశవాణి నుంచి రైతుల కార్యక్రమానికి పిలుపు రాగానే, దుగ్గిరాల దగ్గర మా పెదనాన్న చేసిన మొదటి పని నాచేత కాగితాలు, కలం తెప్పించడం. విషయం పసుపు వండటం. వ్యవధి పదిహేను నిమిషాలు. ఆయన చెబుతుంటే నేను రాశాను. ఆరు పేజీలయింది. మర్నాడు చదివి వినిపించమని, సగంలోనే చెయ్యెత్తి ఆపేశాడు. "ఇది నేను మాట్లాడినట్టు లేదురా, కరపత్రంలా ఉంది" అన్నాడు.

ఆ ఆరు పేజీలు పక్కన పెట్టాకే అసలు పని మొదలైంది.

ఆకాశవాణిలో ప్రసంగం వేరు, పరిచయం వేరు. పెదనాన్నను పిలిచింది పరిచయానికి. ప్రసంగం రాసుకుని చదివేది. పరిచయంలో అడిగే మనిషి ఎదురుగా ఉంటాడు, జవాబు అక్కడికక్కడ పుట్టాలి. రాసినది కంఠతా పట్టి వెళ్తే ఆ సంగతి రెండో వాక్యానికే శ్రోతకు తెలిసిపోతుంది. అందుకని అతిథి తెచ్చుకోవలసింది జవాబులు కాదు, చెప్పాలనుకున్న మూడు నాలుగు సంగతుల మీద గట్టి పట్టు.

పుస్తకం చదివేవాడు అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాడు. వినేవాడికి ఆ వీలు లేదు. పెదనాన్న నోట్లో అంకెలు బోలెడు. వాటిలో కాలం లెక్కలు మూడే ఉంచుకున్నాం: తవ్విన 2, 3 రోజుల్లో వండాలి, ముప్పావుగంట నుంచి గంట ఉడకాలి, 10 నుంచి 15 రోజులు ఎండాలి. ఒక్కో అంకె రెండుసార్లు చెప్పాలనుకున్నాం. రాతలో అది పునరుక్తి. రేడియోలో మాత్రం, పెన్సిలు వెతుక్కుంటున్న రైతుకు ఇచ్చే వ్యవధి.

అన్నిటికన్నా కష్టమైంది చేతులు కట్టేసుకుని మాట్లాడటం. ఆరబోసిన పసుపు "ఇంత మందం" ఉండాలని ఆయన వేళ్లతో చూపిస్తాడు. ఇంత, అంత, ఇలా, అలా అనే మాటలు మన భాషలో కళ్లున్నచోటే పనిచేస్తాయి. "రెండు మూడు అంగుళాలు" అనడం అలవాటు చేసుకోవడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. ఉడికిందని ఎలా తెలుస్తుందని అడిగాను. "చూస్తే తెలియదూ!" అన్నాడు. "అక్కడ చూడటానికి ఏమీ ఉండదు పెదనాన్నా" అన్నాను. కాసేపు కళ్లు మూసుకుని, వంట దగ్గర నిలబడినట్టే చెప్పాడు: నురగ పొంగుతుంది, తెల్లటి ఆవిరి లేస్తుంది, ఆ ఆవిరిలో పసుపు వాసన గుప్పుమంటుంది, పుల్ల గుచ్చితే మెత్తగా దిగుతుంది. నలభై ఏళ్లుగా చేతుల్లోనే ఉన్నదానికి మాటలు అప్పుడు దొరికాయి. ఈ సన్నాహాన్ని నేను ఇంత గౌరవించడానికి కారణం అదే. రేడియోలో చెప్పిన మాటలు ఊరు దాటి ఎంత దూరం వెళ్లగలవో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1960లలో తంజావూరు ప్రాంతంలో రేడియో ద్వారా వ్యాపించిన ఆడుతురై 27 వరి వంగడాన్ని అక్కడి రైతులు రేడియో వడ్లు అనే పిలిచారు.

ఎవరికి చెబుతున్నట్టు మాట్లాడాలన్నది ఇంకో ప్రశ్న. రేడియోలో ఉషశ్రీగారి ధర్మసందేహాలు కార్యక్రమం విన్నవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. అరుగు మీద పక్కన కూర్చున్న ఒక్క మనిషికి జవాబిస్తున్నట్టుండేది ఆ గొంతు. పెదనాన్నకు ఆ ఒక్క మనిషి, కొత్తగా పసుపు వేసిన ఆయన బావమరిది.

అనకూడనివీ ఉన్నాయి. ఆకాశవాణిలో కంపెనీ పేరు చెప్పి మందును పొగడకూడదు, పార్టీలను పేరుపెట్టి తిట్టకూడదు, మనుషుల మీద నిందలు వేయకూడదు. తూకంలో తనను మోసం చేసిన వ్యాపారి పేరు బయటపెట్టాలని పెదనాన్నకు బలంగా ఉండేది. చివరికి ఆ కోపాన్ని ఒక సలహాగా మార్చుకున్నాడు: "కాటా వేసేటప్పుడు దగ్గర నిలబడి ముల్లు చూసుకోండి." పేరు చెప్పి ఉంటే ఒక్కడి గురించే మాట్లాడినట్టయ్యేది.

చిన్న జాగ్రత్తలు ఉదయానికి మిగిలాయి. గంజిపెట్టిన ఖద్దరు చొక్కా కదిలినప్పుడల్లా గరగరమంటుంది, మైకు దాన్ని వదలదు. ఉతికి మెత్తబడిన పాత చొక్కా వేసుకున్నాడు. తాళాలగుత్తి నాకిచ్చాడు. జేబులో ఒకే కాగితం, దాని మీద నాలుగు మాటలు. ఎక్కువ కాగితాలుంటే తిప్పిన చప్పుడూ వినపడుతుంది. మైకుకు జానెడు దూరంలో, మొహం కాస్త పక్కకు పెట్టి కూర్చోమని అక్కడివాళ్లే చెప్పారు. ఎదురుగా ఉంటే ఫ, భ లాంటి అక్షరాల దగ్గర గాలి ఫట్‌మని తగులుతుందట. రికార్డింగుకు ముందు టీ తాగుతూ ఆయన మంచి సంగతులన్నీ మొదలుపెట్టబోతే నేనే ఆపాను. ఒకసారి చెప్పేసిన మాట రెండోసారి చల్లారి వస్తుంది.

చివరి ప్రశ్న నేను ఊహించిందే: పూర్తిగా ఎండిందని ఎలా గుర్తుపట్టాలి? ఆయన జేబులోంచి ఎండుకొమ్ము తీసి మైకు ముందు పట్టుకుని విరిచాడు. ఇనుప ముక్క తగిలినట్టు ఖణేల్‌మంది. "ఈ చప్పుడు రావాలండి. రాకపోతే ఇంకో రెండెండలు పెట్టండి" అన్నాడు. కొమ్ము తెచ్చుకున్న సంగతి నాకూ చెప్పలేదు.

ప్రసారమైన సాయంత్రం వసారాలో అందరం రేడియో చుట్టూ కూర్చున్నాం. పెద్దమ్మ మాత్రం వంటింట్లో ఉంది. ఆ చప్పుడు రాగానే కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి, కళ్లం వైపు చూస్తూ అడిగింది, "కొమ్ము విరిచి చూశారా? అప్పుడే ఎండిందా?"