నీటితో నడిచే కారు: చల్లార్చవలసినది దేనిని?

నీరు ఉదజని, ఆమ్లజనుల సమ్మేళనమని హైస్కూలు విద్యార్థులందరికీ తెలుసు. విద్యుత్తును పంపితే నీరు ఆ రెండు వాయువులుగా విడిపోతుంది. ఉదజని, అంటే హైడ్రోజన్, మండుతుంది. ఈ మూడు సత్యాలనూ జోడించి, కారు బాటరీతో నీటిని విడగొట్టి, ఆ వాయువును ఇంజనులోకి పంపితే పెట్రోలు సగానికి సగం ఆదా అవుతుందని చెప్పేవారు అనేకులున్నారు. మొదటి మూడు మాటలూ నిజమే. నాలుగవది మాత్రం నిజం కాదు.

ఇంట్లో తయారుచేసుకునే ఈ యంత్రానికి ఒక మొండి జబ్బు ఉన్నది: అది విపరీతంగా వేడెక్కుతుంది. వేసవిలో కర్నూలు నుండి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే కారును ఊహించండి. బయటి గాలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది. నల్లమల ఘాట్‌లో కారు నెమ్మదిగా ఎక్కుతుంది, గాలి సరిగా తగలదు, ఇంజను కాగిపోతుంది. అటువంటి చోట, బానెట్ కింద మరొక వేడి సీసా! దానిని చల్లార్చటం ఎలాగన్నదే దీనిని తయారుచేసేవారి ప్రధాన చింత. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది: ఆ వేడి ఎవరి సొమ్ము?

వేడి ఎక్కడినుండి వచ్చింది?

నీరు విడిపోవటానికి ఒక్కొక్క ఘటానికి కనీసం 1.23 ఓల్టులు కావాలి. బయటినుండి వేడిని తీసుకోకుండా ఆ పని జరగాలంటే 1.48 ఓల్టులు కావాలి. అంతకు మించి ఇచ్చినదంతా వేడిగా మారుతుంది. నడుస్తున్న కారులో సుమారు 13.8 ఓల్టులు లభిస్తాయి. వాటిని నేరుగా ఒకే ఘటానికి కలిపితే, 100 పాళ్ల శక్తిలో వాయువుకు దక్కేది 11 పాళ్లు. తక్కిన 89 పాళ్లూ వేడి. విద్యుత్తు 20 ఆంపియర్లయితే గంటకు 8 లీటర్ల పైచిలుకు ఉదజని వస్తుంది. అందులో ఒక లీటరు నీరున్నదనుకుంటే, పరిసరాలకు పోయే వేడిని లెక్కలోకి తీసుకోకపోతే, 40 డిగ్రీల నీరు 17 నిమిషాలలో మరిగే స్థితికి వస్తుంది.

ఇంతటితో ఆగదు. నీటిలో కలిపిన కాస్టిక్ పొటాష్ ద్రావణం వేడెక్కినకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. నిరోధం తగ్గితే విద్యుత్తు పెరుగుతుంది. విద్యుత్తు పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. చివరకు గొట్టంలో వచ్చే దానిలో ఆవిరి పాలు ఎక్కువవుతుంది. బుడగలు జోరుగా వస్తున్నాయని యజమాని సంతోషిస్తాడు గాని, అవి అన్నీ ఉదజని కావు.

చల్లార్చే ఉపాయాలు

కొందరు సీసాకు ఫాను అమరుస్తారు. కొందరు చిన్న రేడియేటరూ పంపూ పెడతారు. ఆ ఫానూ పంపూ మళ్లీ ఆ బాటరీ విద్యుత్తునే తింటాయి. జ్వరానికి మూలం చూడకుండా నుదుట తడిగుడ్డ వేయటమే ఇది.

తెలివైన ఉపాయం ఓల్టులను పంచటం. ఆరు ఘటాలను వరుసగా కలిపితే ఒక్కొక్క దానికి 2.3 ఓల్టులు వస్తాయి. అప్పుడు వాయువుకు 64 పాళ్లు, వేడికి 36 పాళ్లు. అదే 20 ఆంపియర్లతో గంటకు 50 లీటర్ల ఉదజని వస్తుంది. విద్యుత్తును హద్దులో ఉంచే సాధనం కూడా చేరిస్తే వేడి అదుపులో ఉంటుంది. ఈ మార్పులు చేసినవారు విజ్ఞానశాస్త్రాన్ని సరిగానే ప్రయోగించారని ఒప్పుకోవాలి. కర్మాగారాలలోని క్షార విద్యుద్విశ్లేషణ యంత్రాలను కావాలనే 70, 80 డిగ్రీల వేడిలో నడుపుతారు. వేడిలో తక్కువ ఓల్టులు సరిపోతాయి. కాబట్టి అసలు దోషం వేడి కాదు, అదుపు లేకపోవటం.

జమాఖర్చులు

యంత్రం చక్కగా అదుపులో ఉన్నదనే అనుకుందాం. 50 లీటర్ల ఉదజని బరువు సుమారు 4.5 గ్రాములు. దానిని మండిస్తే వచ్చే శక్తి సుమారు 17 మిల్లీలీటర్ల పెట్రోలుతో సమానం. ఇది జమ.

ఖర్చు చూడండి. గంటసేపు 276 వాట్లు ఖర్చయ్యాయి. అవి ఆల్టర్నేటరునుండి రావాలి. దానిని తిప్పేది ఇంజను. ఇంజనును నడిపేది పెట్రోలు. ఆల్టర్నేటరు సామర్థ్యం నూటికి 55, ఇంజను సామర్థ్యం నూటికి 25 అనుకుంటే, ఆ విద్యుత్తు కోసం కాలిన పెట్రోలు సుమారు 225 మిల్లీలీటర్లు. 225 ఇచ్చి 17 తీసుకోవటం ఏ వర్తకుడూ చేయని బేరం.

“ఆల్టర్నేటరు ఎలాగూ తిరుగుతున్నది కదా, ఆ విద్యుత్తు ఉచితమే” అంటారు. డైనమో ఉన్న సైకిలు తొక్కినవారికి జవాబు తెలుసు: దీపం వెలిగించగానే పెడలు బరువెక్కుతుంది. “ఉదజని చేరితే పెట్రోలు మరింత పూర్తిగా కాలుతుంది” అనే వాదం మరొకటి. మంచి స్థితిలో ఉన్న ఇంజనులో పెట్రోలు దాదాపు అంతా ఇప్పటికే కాలుతున్నది. కాలక మిగిలే ఒకటి రెండు పాళ్లలోనుండి సగం ఆదా పుట్టదు. యంత్రం పెట్టిన తరువాత మైలేజి పెరిగిందంటే, యజమాని జాగ్రత్తగా నడపటం మొదలుపెట్టాడేమో ముందు చూడాలి.

అమెరికాలో స్టాన్లీ మేయర్ అనే ఆయన నీటితోనే కారు నడుపుతానన్నాడు. 1996లో ఒహాయో న్యాయస్థానం అది ఘోరమైన మోసమని తీర్పు చెప్పి, సొమ్ము వాపసు చేయమన్నది. నిపుణులు ఆ ఘటాన్ని చూసి, అందులో జరిగేది మామూలు విద్యుద్విశ్లేషణే అన్నారు.

శ్రీశైలం చెప్పే పాఠం

నీటిలో శక్తి లేదా? ఉన్నది, శ్రీశైలంలోనే ఉన్నది. అయితే అది ఎత్తునుండి దిగే నీటి శక్తి. కుడిగట్టు కేంద్రం సామర్థ్యం 770 మెగావాట్లు, ఎడమగట్టుది 900 మెగావాట్లు. ఎడమగట్టున ఉన్న 150 మెగావాట్ల యంత్రాలు ఆరూ, గిరాకీ లేని వేళ విద్యుత్తు తీసుకుని, దిగువ నీటిని తిరిగి జలాశయంలోకి తోడటానికి కూడా వీలుగా నిర్మించినవి. ఇటువంటి కేంద్రాలలో 100 పాళ్లు ఖర్చుచేస్తే తిరిగి వచ్చేది సుమారు 70, 80 పాళ్లే. ఆ నష్టాన్ని ఇంజనీర్లు తెలిసి భరిస్తారు. ఎందుకంటే అక్కరలేని వేళ విద్యుత్తు అక్కరకొచ్చే వేళకు దాచబడుతున్నది. కారులోని సీసా అదీ చేయదు. అక్కడ వాయువు పుట్టిన క్షణంలోనే మండుతుంది. నష్టమే గాని నిల్వ లేదు.

ఉదజని మంచి ఇంధనమే. విశాఖపట్నం సమీపాన పూడిమడకలో హరిత ఉదజని కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అటువంటి చోట ఎండ, గాలి ఇచ్చే విద్యుత్తుతో నీటిని విడగొడతారు. కారు పెట్రోలుతో నీటిని విడగొట్టటం దానికి వికృతానుకరణ.

ఖర్చు ఒక్కటే అయితే నవ్వి ఊరుకోవచ్చు. గాలిలో నూటికి 4 మొదలు 75 పాళ్ల వరకు ఉదజని ఉంటే అది అంటుకోగలదు. ఈ సీసాలో ఉదజని, ఆమ్లజనులు ప్రేలటానికి సరిపోయిన పాళ్లలోనే కలిసి ఉంటాయి. చిన్న నిప్పురవ్వ చాలు. కాస్టిక్ పొటాష్ చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది. పొటాష్‌కు బదులు ఉప్పు వేస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

వైజ్ఞానిక ప్రదర్శనలకు ఈ నమూనాను తేదలచే విద్యార్థులకు ఉపాధ్యాయులు వేరే దారి చూపవచ్చు. రెండు వాయువులనూ విడివిడిగా పట్టే హాఫ్‌మన్ ఓల్టామీటరును, ఉపాధ్యాయుని సమక్షంలో, కొద్దిపాటి విద్యుత్తుతో నడపాలి. ఓల్టులు, ఆంపియర్లు, నిమిషాలు, ద్రావణపు వేడి, వాయువు ఘనపరిమాణం పట్టికగా రాయించాలి. ఇచ్చిన శక్తి ఎంత, వాయువులో చేరినది ఎంత, వేడిగా పోయినది ఎంత అని విద్యార్థులే తేల్చాలి. బహుమతి ఇచ్చేవారు బుడగలను కాక, ఆ పట్టికను చూడాలి.