ఆమెకు దక్కిన గడియలు

స్త్రీలకై ప్రత్యేకముగా జరిగెడి ప్రాంతీయ చదరంగపు పోటీలలో నా మనస్సును మొదట నాకర్షించునది ఎత్తులలోని చాతుర్యము గాదు. బల్లకు ఇరుప్రక్కల ఇద్దరు వనితలు, ఎవ్వరి పిలుపునకును లేవవలసిన అగత్యము లేక, ఒకే ఆలోచన నంటిపెట్టుకొని గంటల తరబడి కూర్చుండుట. దీర్ఘకాలపు ఆటలో సాధారణముగా ఒక్కొక్కరికి 90 నిమిషములును, ఎత్తు కొక 30 సెకనులును లభించును గనుక, సమానప్రజ్ఞ గలవారు తలపడిన నాడు ఆట నాలుగు గంటలు సాగుట వింత గాదు. మన యిండ్లలో ఏ యిల్లాలికి అంతటి అవిచ్ఛిన్నకాలము తనదిగా దక్కుచున్నది?

మా శ్రీకాళహస్తిలో కలంకారీ వ్రాసెడి స్త్రీలను చూచినపుడెల్ల నాకీ తలంపే కలుగును. పాలును కరక్కాయయు పట్టించిన వస్త్రముపై, ఇనుమును బెల్లమును పులియబెట్టిన నల్లని ద్రవముతో వెదురుకలము గీచిన రేఖ చెరుపరానిది. ముట్టిన పావును కదల్పవలసినదే యను నియమమందలి కాఠిన్యమే యందును గలదు. అయినను బిడ్డ యేడ్చినచో ఆమె కలము దించి లేచిపోయి, విడిచినచోటనే మరల నారంభింపగలదు. చదరంగమున ఎవరు లేచినను గడియార మాగదు.

అందువలననే 2022లో మామల్లపురమున జరిగిన 44వ చెస్ ఒలింపియాడ్‌ను మిక్కిలి గౌరవముతో తలంచుచుందును. గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక నిండుచూలాలై యుండియు అచ్చట బల్ల ముందర కూర్చుండెను. కోనేరు హంపి మొదటి బల్లపై నాడిన ఆ జట్టు కాంస్యము గెలిచి, ఒలింపియాడ్‌లో భారత మహిళలకు తొలిపతకము నార్జించెను. 2002లో పదునైదేండ్ల ప్రాయముననే గ్రాండ్‌మాస్టరైన హంపి, తల్లియైన పిదప 2019లోను, 2024లోను ప్రపంచ రాపిడ్ విజేత యయ్యెను. ఆమెకు ఆట నేర్పుటకై తండ్రి అశోక్ అధ్యాపకవృత్తినే విడిచెను. ఒక బాలికకు కాలము దక్కవలెనన్న మరియొకరు తమ కాలము నీయవలసియుండును. ఈ సంగతిని విజయవార్తలు చదివి పొంగిపోవువారు తఱచు మఱచుచుందురు.

పావులన్నియు చెల్లి, చెరియొక ఏనుగును ఒకటిరెండు బంట్లును మిగిలినవేళ, ఒక బంటు తక్కువైనను తొట్రుపడక, ఎత్తుకెత్తుగా నిలద్రొక్కుకొని ఆటను డ్రా చేసికొనెడి ఓర్పు పదినిమిషముల ఆటలలో నలవడదు. కావున పోటీని ఒక్కపూటలో ముగించు తొందరను నిర్వాహకులు మాని, రెండుమూడు దినములైనను దీర్ఘకాలపు ఆటలే యాడింపవలెననియు, బాలికలను వెంటబెట్టుకొని వచ్చి వరండాలో సాయంకాలము వరకు వేచియుండు తల్లులను గూడ లోనికి పిలిచి, పేర్లు వ్రాయించుకొని, వారికి నొక బల్లయు గడియారమును చూపవలెననియు నా కోరిక.