పిడికెడు

మా ఇంట్లో పొద్దున అన్నం వండే వంతు నాది. రెండు గ్లాసుల బియ్యం కొలిచాక, కడగబోయే ముందు గుప్పెడు తీసి పక్కనున్న స్టీలు డబ్బాలో వేయాలి. ఆదివారం ఆ డబ్బా మందిరానికి పట్టుకెళ్లాలి. తెలుగు క్రైస్తవ ఇళ్లలో పెరిగినవాళ్లకు ‘పిడికెడు బియ్యం’ అంటే చాలు, ఇంత వివరం అక్కర్లేదు. మిజోరంలోనూ ఇదే పద్ధతి 1910 నుంచి నడుస్తోంది.

మా ఊళ్లో ఆ బియ్యాన్ని స్త్రీల సమాజం వాళ్లు గంపలోకి పోయించుకుని, కొలిచి, కొంత దిక్కులేనివాళ్లకిచ్చి, మిగిలింది అమ్మేవాళ్లు. అమ్మ ఏ రోజూ కళ్లు మూసుకుని, భక్తితో ఆ గుప్పెడు తీయగా నేను చూడలేదు. పాలావిడతో మాట్లాడుతూనో, మమ్మల్ని తిడుతూనో తీసేది. పక్కింట్లో అప్పు తెచ్చిన సోలెడు బియ్యంలోంచి కూడా తీసేది. అప్పిచ్చినావిడకు తెలిస్తే ఏమనేదో!

నాన్న ఆసుపత్రిలో ఉన్న నెలలో అమ్మ ప్రార్థన మానేసింది. డబ్బాలో బియ్యం మాత్రం పడుతూనే ఉన్నాయి. “దేవుడి మీద కోపమొచ్చినా వేస్తావా?” అనడిగాను. “కోపం ఆయన మీద కదరా, బియ్యం ఏం చేశాయి?” అంది.

మా సంఘాల్లో సాక్ష్యం చెప్పేవాళ్లను మొదట అడిగేది, రక్షణ ఎప్పుడు పొందారని. తేదీ చెబితే స్తోత్రాలు వినిపిస్తాయి. ఆ మర్నాడు ఏం చేశారని అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు. ఒంగోలు ప్రాంతం వాళ్లం, మాకూ ఒక పెద్ద తేదీ ఉంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని చూపించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని, ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపాడు. ఈ కథ మా పిల్లలకు కూడా కంఠతా వచ్చు.

నాకు మాత్రం జూలై 4 మీదే ధ్యాస. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. నది ఒడ్డు నుంచి తిరిగి వెళ్లింది అదే పల్లెకు, అదే ఆసామి దగ్గరికి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇవీ కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు. వినడానికి మూడు ముక్కలే. కానీ తోలు పనికీ, చాకిరీకీ ఊరు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లాల్సిన మనిషి ఆదివారం రానంటే ఆసామి ఊరుకుంటాడా? కరువు దాటిన ఇంట్లో, దొరికిన మాంసం వద్దనడం ఎంత కష్టం? జాతరలో డప్పు కొట్టననడం ఊరి మొత్తంతో పేచీ. నదిలో మునగడం ఒక్కసారే. ఈ పేచీ మాత్రం ప్రతి ఆదివారం, ప్రతి జాతరకూ ఉంటుంది. ఎంతమంది నిలబడ్డారో, ఎంతమంది జారి మళ్లీ లేచారో ఏ సాక్ష్య కూటంలోనూ వినలేదు. 2,222 కన్నా ఆ లెక్కే పెద్దదని నా ఉద్దేశం.

వాళ్ల ముందు నా కష్టం చెప్పుకోవడానికే సిగ్గు. నన్నెవరూ కొట్టరు, పనిలోంచి తీసేయరు. నాకున్నదల్లా బద్ధకం. పోయిన వేసవిలో ఆదివారాలు ఏదో ఒక వంకతో మందిరానికి వెళ్లలేదు. గుప్పెడు వేయడం మాత్రం అలవాటు కొద్దీ సాగింది. రెండు నెలల తర్వాత మూత తీస్తే డబ్బా నిండా ముక్కపురుగులు.

అమ్మకు ఫోన్ చేశాను. ఎండబోసి, చెరిగి ఇస్తే సరిపోతుందా అనడిగాను.

“ఎండబోసి, చెరిగి మీరు తినండి. మంచి బియ్యం కొలిచి అక్కడియ్యి” అంది.

కొలిస్తే నాలుగున్నర కిలోలు తేలాయి. ఆ ఆదివారం కొత్త బస్తా విప్పి అంతే తూచి ఇచ్చి వచ్చాను. పది రోజుల పాటు ఇంట్లో పురుగు బియ్యమే వండాను.