కిందికే కదిలే చెయ్యి

రమోన్స్ మొదటి ఆల్బమ్‌ను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి. ఎడమ చెవిలో బాస్, కుడి చెవిలో గిటార్, నడుమ డ్రమ్స్, పాడే గొంతు. కుడి చెవిది తీసేస్తే గిటార్ దాదాపు మాయమైపోతుంది. బీటిల్స్ తొలినాటి స్టీరియో రికార్డుల్లో వాద్యాలను ఇలాగే ఒక్కోవైపుకు నెట్టేవారు. ఇందులో దాపరికానికి చోటుండదు. ఎవరి చేయి ఏం చేస్తోందో స్పష్టంగా తెలిసిపోతుంది.

1974లో న్యూయార్క్ నగరం క్వీన్స్‌లోని ఫారెస్ట్ హిల్స్‌కు చెందిన కుర్రాళ్లు కట్టిన బృందం రమోన్స్. పాట జోయి, గిటార్ జానీ, బాస్ డీడీ, డ్రమ్స్ టామీ. అన్నదమ్ములు కాకపోయినా అందరూ రమోన్ అనే ఇంటిపేరు పెట్టుకున్నారు. ఒకప్పుడు పాల్ మెకార్ట్నీ వాడుకున్న మారుపేరులోంచి తీసుకున్నదది. ఆ రోజుల్లో పేరున్న రాక్ బృందాలు ఒక్కో పాటను పది, ఇరవై నిమిషాలు సాగదీసేవి. వీళ్ల మనసు మాత్రం అరవైల నాటి రేడియో పాటల మీదే ఉంది. వినగానే నోటికి వచ్చే ఆ చిన్న పాటలే మళ్లీ కావాలనుకున్నారు.

అందుకు వాళ్లు పట్టిన దారి తేలికైనదేమీ కాదు. మామూలుగా గిటార్ మీద పిక్ కిందికీ పైకీ ఆడుతుంది. పోయిన దారినే తిరిగి వస్తూ ఇంకో దెబ్బ వేస్తుంది కాబట్టి చేతికి శ్రమ సగమే. జానీ ప్రతి దెబ్బా పైనుంచి కిందికే వేసేవాడు. అలా కొడితే ముందు లావు తీగ మోగుతుంది, ప్రతి దెబ్బకూ ఒకే బరువు వస్తుంది. ‘బ్లిట్జ్‌క్రీగ్ బాప్’ వేగంలో అవి సెకనుకు దాదాపు ఆరు. ఎవరైనా ప్రయత్నించి చూడవచ్చు. మొదటి నిమిషం గడిచిపోతుంది. రెండో నిమిషంలో మోచేతి కింద కండ బిగుసుకుపోతుంది. కచేరీలో అయితే ఒక పాట ముగిసీ ముగియకముందే డీడీ ఒకటి నుంచి నాలుగు దాకా లెక్కపెట్టేవాడు, తర్వాతి పాట మొదలైపోయేది. 1977 డిసెంబర్ 31న లండన్‌లో రికార్డు చేసిన ‘ఇట్స్ అలైవ్’లో 28 పాటలు గంటలోపే ముగుస్తాయి.

ఆ హోరు మీద జోయి గొంతు మెత్తగా సాగుతుంది. బాణీలు తీయనివి. టామీ రాసిన ‘ఐ వానా బీ యువర్ బాయ్‌ఫ్రెండ్’ అయితే అచ్చమైన ప్రేమపాట. మొదటి ఆల్బమ్‌ను 1976 ఫిబ్రవరిలో రేడియో సిటీ మ్యూజిక్ హాల్ భవనంలోని స్టూడియోలో, వారం రోజుల్లో, 6,400 డాలర్లతో ముగించారు. 14 పాటలు, 29 నిమిషాలు. 1977లో వచ్చిన ‘రాకెట్ టు రష్యా’ నాటికి ఈ పద్ధతి బాగా పదునెక్కింది. 1978 నాటి ‘రోడ్ టు రూయిన్’లో టామీ స్థానంలో మార్కీ డ్రమ్స్ వాయించాడు, అకౌస్టిక్ గిటార్ కూడా వినిపించింది. అందులోని ‘ఐ వానా బీ సెడేటెడ్’లో గిటార్ సోలో రావాల్సిన చోట ఒక్కటే స్వరం మళ్లీ మళ్లీ మోగుతుంది. రెండో స్వరం అక్కర్లేదని తేల్చుకోగల చెవి ఉన్నవాళ్లే అలా వాయించగలరు.

అమ్మకాలు మాత్రం అంతంతే. అమెరికా చార్టులో మొదటి ఆల్బమ్ 111వ స్థానం దాటలేదు. అయినా 1996 ఆగస్టు 6న లాస్ ఏంజెలెస్‌లో ఆఖరి కచేరీ చేసేనాటికి వాళ్ల కచేరీల లెక్క 2,263కు చేరింది. మొదటి ఆల్బమ్‌కు గోల్డ్ గుర్తింపు 2014లో గానీ రాలేదు. అప్పటికి ఆ నలుగురిలో మిగిలింది టామీ ఒక్కడే. ఆ జులైలో అతనూ వెళ్లిపోయాడు.

గిటార్ నేర్చుకునేవాళ్లు ఆ ఆల్బమ్‌ను ఎడమ చెవితో మాత్రమే వింటూ వాయించి చూడాలి. బాస్ ఉంటుంది, డ్రమ్స్ ఉంటాయి, జోయి పాడుతుంటాడు. జానీ చోటు ఖాళీగా ఉంటుంది. గిటార్ కార్డ్‌లు ఒక్క సాయంత్రంలో పట్టుబడతాయి. ఆ చెయ్యి పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది.