ఆగడం తెలిసిన ప్రయాణం

విజయనగరంలో బయల్దేరి ఇచ్ఛాపురం ఎంతసేపట్లో చేరారో చెప్పుకుని మురిసేవాళ్లు చాలామంది. నేను అడిగేది ఒకటే: దారిలో ఎక్కడ ఆగారు?

దారిలో ఆగుతూ తిరగడం కొత్తేమీ కాదు. అమెరికాలో 1908లో ఫోర్డ్ మోడల్ టీ కారు వచ్చాక మామూలు కుటుంబాలు కూడా గుడారం, వంటసామాను కట్టుకుని రోడ్డెక్కాయి. 1918 వేసవిలో సాక్షాత్తూ హెన్రీ ఫోర్డ్, ఆవిష్కర్త ఎడిసన్, టైర్ల తయారీదారు ఫైర్‌స్టోన్, ప్రకృతి రచయిత జాన్ బరోస్‌తో కలిసి అపలేచియన్ కొండల్లో గుడారాల్లో పడుకుంటూ తిరిగారు. వెంట వంటవాళ్లు, సామాను లారీలు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు ఏనుగుల వీరాస్వామయ్య కళ్లముందు మెదిలారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. 1830 మేలో పల్లకీ, గుడారాలు, పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి, తిరుగు ప్రయాణంలో పూరీ మీదుగా మన శ్రీకాకుళం దారినే వచ్చారు. నీళ్లున్నాయా, నీడుందా, అంగళ్లున్నాయా అని మజిలీ మజిలీకీ రాసిపెట్టారు. మోటారు లేని రోజుల్లో రాసిన ఆ పుస్తకం కారులో తిరిగేవాడికీ పనికొస్తుందని నా నమ్మకం.

నా డిక్కీలో చాప, గిన్నెలు, అరిటాకులు, నీళ్ల డబ్బా ఎప్పుడూ ఉంటాయి. ఎండ నడినెత్తికి రాకముందే చోటు చూసుకోవాలి. తోటవాళ్లని అడిగాకే దిగాలి. గాలివాటు చూసి మూడు రాళ్లు పెట్టాలి. ఉద్దానంలో ఒక జీడితోట రైతు, "పొయ్యి ఆర్పీసి ఎల్లండి బాబూ, జీడాకు ఇట్టే అంటుకుంటాది" అన్నాడు. అప్పట్నుంచి నిప్పు మీద నీళ్లు పోసి, బూడిద చేత్తో తడిమి చూసిగానీ లేవను. ఆకులూ, ప్లాస్టిక్ గ్లాసులూ వదిలిపోయేవాళ్లని చూస్తే మాత్రం కోపం ఆగదు. మనం తిని లేచిన చోట రేపు ఇంకొకరు కూర్చోవాలి కదా!

అలా కూర్చోవడానికి నీడే ఇప్పుడు కరువు. స్వర్ణ చతుర్భుజి కోసం రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత చెట్లు పోయాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. డాబాలకీ, పెట్రోలు బంకులకీ రోడ్డు పక్కన చోటు దొరుకుతోంది, తోపుకి దొరకడం లేదు. టెక్కలికీ పలాసకీ మధ్య ఒక్కచోట, బోరు పక్కన మామిడి, చింత, ఉసిరి కలిపి తోపు వేయమని అధికారులను అడుగుతున్నాను. కార్తీకంలో వనభోజనానికి వచ్చేవాళ్లకి కావలసింది కాస్త చదును నేల, తాగే నీళ్లు, ఆ చెట్లు. ఈ వానల్లోనే నాటండి.