మూడు దిండ్ల ప్రశ్న

గత రెండు వారాల్లో ఆయాసం వల్ల ఎన్ని రాత్రులు కుర్చీలో కూర్చునో, కనీసం మూడు దిండ్లు ఎత్తు పెట్టుకునో నిద్రపోవాల్సి వచ్చింది? గుండె వైఫల్యం ఉన్నవాళ్ళను అడిగే కాన్సాస్ సిటీ ప్రశ్నావళిలో ఇదొకటి. మొత్తం నూటికి మార్కులు; ఎన్ని ఎక్కువొస్తే అంత కులాసా. ఉపశమన వైద్యం (జబ్బుతో వచ్చే బాధను తగ్గించే వైద్యం) మీద అమెరికాలో జరిగిన రెండు అధ్యయనాలు ఇదే కొలబద్ద పట్టుకుని చెరో జవాబు చెప్పాయి.

మొదటిది డ్యూక్ విశ్వవిద్యాలయం చేసిన పాల్-హెచ్‌ఎఫ్ (2017). జబ్బు బాగా ముదిరి, ప్రాణాపాయం దగ్గర పడ్డ 150 మందిని తీసుకున్నారు. సగం మందికి గుండె వైద్యంతో పాటు ఉపశమన వైద్యంలో ఆరితేరిన నర్సు, డాక్టరు తోడయ్యారు. ఆరు నెలలకు వీళ్ళకు మిగతా సగం కన్నా సుమారు 9.5 మార్కులు ఎక్కువొచ్చాయి. ఐదు మార్కులు పెరిగితేనే రోగికి తెలిసేంత మార్పని లెక్క.

రెండోది కొలరాడోలో జరిగిన కాసా (2018). ఇందులో 314 మంది, ఇంటి దగ్గరుండి క్లినిక్కుకు వచ్చిపోయేవాళ్ళు. వాళ్ళలో సగం మందితో నర్సు, సోషల్ వర్కరు చాలావరకు ఫోనులోనే మాట్లాడారు. వెనక డాక్టర్ల బృందం ఉంది. మిగతా సగంతో పోలిస్తే మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆయాసమూ తగ్గలేదు. దిగులు, నీరసం మాత్రం తగ్గాయి.

ఫోను కన్నా ఎదురుగా ఉన్న మనిషే మేలని తీర్పు చెప్పడం తేలిక, కానీ తొందరపాటు. కొలబద్ద ఒకటే అయినా రోగులు వేరు, జబ్బు దశ వేరు, అందిన సేవ వేరు. తేడా దేనివల్ల వచ్చిందో విడదీయలేం. పైగా ఆ ప్రశ్నావళి ఎక్కువగా ఆయాసం, నీరసం, వాపు, నడక, పనుల గురించే అడుగుతుంది. దిగులు విషయంలో కాసా చేసిన మేలు దానికి పెద్దగా అందకపోయి ఉండొచ్చు. పాల్-హెచ్‌ఎఫ్ గెలుపుకూ హద్దుంది: అది ఒక్క కేంద్రంలో, కొద్దిమంది మీద జరిగింది.

ఒక్క విషయంలో రెండూ కలుస్తాయి. ఉపశమన వైద్యం అందినవాళ్ళలో మరణాలు పెరగలేదు, తగ్గనూ లేదు. "ఇక చేసేదేం లేదు" అన్నాకే ఆ వైద్యం అనే మన భయానికి రెండూ సాక్ష్యమివ్వవు.

నాకు కాసాయే ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తుంది. విశాఖ బస్సెక్కే ఓపిక లేని శ్రీకాకుళం పల్లె పెద్దాయనకు ఫోనులో దిగులు తగ్గినా చిన్న మాట కాదు. ఆ మూడో దిండు తీయించడం మాత్రం ఫోను వల్ల అవుతుందని కాసా చూపలేకపోయింది.